వెబ్‌సైట్ మెయిల్స్ స్పామ్‌లో పడుతున్నాయా? ఫ్లూయెంట్ ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తా, వర్డ్‌ప్రెస్ సైట్ ఉండి, దాన్నుంచి ఆర్డర్ మెయిల్ గానీ ఎంక్వైరీ మెయిల్ గానీ కనీసం పాస్‌వర్డ్ రీసెట్ గానీ వెళ్ళాల్సిన అవసరం ఉన్నవాళ్ళు ఫ్లూయెంట్ ఎస్‌ఎమ్‌టీపీ అనే ప్లగిన్ (సైట్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, ఎస్‌ఎమ్‌టీపీ అంటే మెయిల్స్ పంపే పద్ధతి) పెట్టుకోండి. పూర్తిగా ఫ్రీ, ఇది కావాలంటే ప్రో కొనుక్కోండి అనే తాళాలు ఎక్కడా లేవు, లాగ్, అంటే పంపిన ప్రతి మెయిల్ చిట్టా, అది కూడా ఫ్రీనే, ఆ లాగ్ గురించి కింద వివరంగా రాస్తా ఎందుకంటే నాకు ఇది నచ్చడానికి అసలు కారణం అదే. నేను బెంగళూరులో చిన్న వ్యాపారాల సైట్లు చూస్కుంటా, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, బీటీఎం వైపు, ఎక్కువగా మన తెలుగువాళ్ళవే, పచ్చళ్ళు అమ్మేవాళ్ళు, పీజీ నడిపేవాళ్ళు, డాన్స్ క్లాసులు చెప్పేవాళ్ళు. వీళ్ళందరికీ సైట్ అంటే చివరికి ఒక్కటే పని, అవతల ఎవరో ఫారం నింపితే ఇవతల వీళ్ళకి తెలియాలి. అది జరక్కపోతే ఎంత అందంగా డిజైన్ చేసినా ఏం లాభం చెప్పండి.

అసలు మెయిల్స్ ఎందుకు పోవో అది ముందు అర్థం చేస్కుంటే ప్లగిన్ విలువ తెలుస్తది. వర్డ్‌ప్రెస్ లోపల మెయిల్ పంపే ఫంక్షన్ ఒకటి ఉంది, అది పీహెచ్‌పీమెయిలర్ అనే లైబ్రరీ వాడుతుంది, మనం ఏమీ సెట్ చెయ్యకపోతే అది సర్వర్లో ఉన్న పీహెచ్‌పీ మెయిల్‌కి అప్పజెప్పేసి ఊరుకుంటది. లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఈ మెయిల్ నిజంగా ఈ డొమైన్ వాళ్ళే పంపారు అనే సంతకం లేదు. పంపినవాళ్ళ పేరు "వర్డ్‌ప్రెస్" అని, అడ్రస్ కూడా వర్డ్‌ప్రెస్ అట్ మీ డొమైన్ అని పోతది, ఆ పేరుతో మీకు మెయిల్‌బాక్స్ అనేదే ఉండదు. పైగా షేర్డ్ హోస్టింగ్‌లో ఒక్కో ఐపీ (సర్వర్ నెట్ అడ్రస్) మీద వందల సైట్లు ఉంటాయ్, వాటిల్లో ఒకడి సైట్ హ్యాక్ అయ్యి స్పామ్ పంపితే ఆ ఐపీకి వచ్చిన చెడ్డపేరు మీకూ అంటుకుంటది.

ఇందులో బాగా ఇబ్బంది పెట్టేది ఏంటంటే, ఆ ఫంక్షన్ "ట్రూ" అని జవాబిస్తుంది. ఫారం కింద పచ్చ గీతలో "మీ మెసేజ్ అందింది, ధన్యవాదాలు" అని వస్తుంది. వర్డ్‌ప్రెస్ వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే క్లియర్‌గా రాసి ఉంది, ట్రూ వచ్చినంత మాత్రాన అవతలివాళ్ళకి మెయిల్ చేరినట్టు కాదు, ఎర్రర్ లేకుండా ఈ పక్క నుంచి అప్పజెప్పగలిగాం అని మాత్రమే అర్థం అని. రిజిస్టర్డ్ పోస్ట్ చెయ్యాల్సిన కాయితాన్ని వీధి చివర డబ్బాలో వేసి వచ్చినట్టు, రసీదు ఉండదు, చేరిందో లేదో అడగడానికి మనిషీ ఉండడు. సైట్ ఓనర్ ఏమో ఎంక్వైరీలు రావట్లేదు, బిజినెస్ డల్‌గా ఉంది అనుకుంటాడు. ఫారం నింపినవాళ్ళు ఏమో వీళ్ళకి పొగరు, రిప్లై కూడా ఇవ్వరు అనుకుంటారు.

మారతహళ్ళిలో గుంటూరు పచ్చళ్ళు అమ్మే అక్క ఒకావిడ ఉంది, ఇంట్లోనే చేస్తది, ఆవకాయ, గోంగూర, పండుమిరపకాయ, నాన్‌వెజ్ పచ్చళ్ళు కూడా. వూకామర్స్‌లో, అంటే వర్డ్‌ప్రెస్‌లో షాప్ నడిపే ప్లగిన్‌లో, షాప్ ఉంది. డబ్బులు అకౌంట్లో పడుతున్నాయ్, ఆర్డర్ వచ్చినట్టు మెయిల్ మాత్రం రావట్లేదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది, కొన్నవాళ్ళకి కూడా మెయిల్ వెళ్ళట్లేదు. "తమ్ముడూ, నిన్న హెచ్‌ఎస్‌ఆర్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, ఆంటీ డబ్బులు కట్టించుకుని మెయిల్ కూడా పంపలేదేంటి, ఇది నిజంగా షాపేనా అని అడిగింది, నాకు ఎంత నామోషీ అనిపించిందో తెలుసా" అంది. ఆ మాట విన్నాక ఇది టెక్నికల్ సమస్య అని తీసిపారేయలేం. ముక్కూ మొహం తెలియని షాప్‌కి ముందే డబ్బు కట్టినవాళ్ళకి ఆ ఆర్డర్ మెయిల్ ఒక్కటే ధైర్యం.

అక్క వాళ్ళింటికే వెళ్ళి, జాడీల పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని చూశా. స్పామ్ ఫోల్డర్లో దొరికిన ఒక ఆర్డర్ మెయిల్ తీసి జీమెయిల్‌లో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" తెరిచా, ఇది ఫోన్ యాప్‌లో ఉండదు, కంప్యూటర్ బ్రౌజర్లోనే చూడాలి. పైన చిన్న పట్టీలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలు ఉంటాయ్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనా అని చూసే తనిఖీలు, కింద వివరంగా చెప్తా), పక్కన పాస్ అనో ఫెయిల్ అనో. ఇక్కడ ఏం జరిగిందంటే, వూకామర్స్ మామూలుగా సైట్ అడ్మిన్ మెయిల్‌నే పంపినవాళ్ళ అడ్రస్‌గా తీస్కుంటుంది. అక్క అడ్మిన్ మెయిల్ ఆవిడ సొంత జీమెయిల్. అంటే ఎక్కడో హోస్టింగ్ సర్వర్ నుంచి వెళ్తున్న మెయిల్ మీద "నేను జీమెయిల్ నుంచి వస్తున్నా" అని రాసి ఉంది. గూగుల్‌కి తెలీదా తన సర్వర్ నుంచి వచ్చిందో లేదో? 2024 ఫిబ్రవరి నుంచి అమల్లోకి తెచ్చిన రూల్స్‌లో గూగుల్ ఇది స్పష్టంగా చెప్పింది, జీమెయిల్ అడ్రస్ పెట్టుకుని బయటి సర్వర్ నుంచి పంపితే అనుమానంగానే చూస్తాం, స్పామ్‌కి పోవచ్చు అని. అవే రూల్స్ ప్రకారం జీమెయిల్‌కి పంపే ఎవరికైనా, పది మెయిల్స్ పంపేవాళ్ళకైనా సరే, ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఒకటైనా ఉండాలి, రోజుకి 5,000 దాటి పంపేవాళ్ళకి రెండూ ఉండాలి, డీమార్క్ కూడా ఉండాలి. యాహూ కూడా దాదాపు ఇవే రూల్స్ పెట్టింది.

ఇంక ప్లగిన్‌కి వస్తా. ఇన్‌స్టాల్ చేశాక సెట్టింగ్స్ కింద ఫ్లూయెంట్ ఎస్‌ఎమ్‌టీపీ అని కనిపిస్తది. తెరవగానే ఏ సర్వీస్‌తో పంపాలి అని బొమ్మలతో అడుగుతుంది, అమెజాన్ ఎస్‌ఈఎస్, బ్రెవో, మెయిల్‌గన్, సెండ్‌గ్రిడ్, పోస్ట్‌మార్క్, గూగుల్, అవుట్‌లుక్ ఇలా చాలా ఉన్నాయ్, ఇవేవీ కాకపోతే "అదర్ ఎస్‌ఎమ్‌టీపీ" ఉంది. మీ సర్వీస్ ఎంచుకుని పంపేవాళ్ళ మెయిల్, పేరు ఇచ్చి, ఏపీఐ కీ (ఏపీఐ అంటే సైట్, సర్వీస్ నేరుగా మాట్లాడుకునే దారి, కీ అంటే దానికి సర్వీస్ ఇచ్చే రహస్య కోడ్) పేస్ట్ చేసి సేవ్ నొక్కితే ప్లగిన్ వైపు పని అయిపోయినట్టే. ఒక విషయం గుర్తుపెట్టుకోండి, ఈ ప్లగిన్ మెయిల్ సర్వీస్ కాదు. ఇది సైట్‌కీ మెయిల్ సర్వీస్‌కీ మధ్య వైర్ కలిపేది. చాలామంది ప్లగిన్ పెట్టాం కదా ఇంకేంటి అని ఆగిపోతారు, వెనక సర్వీస్ ఒకటి మనమే తెచ్చుకోవాలి.

ఏ సర్వీస్ అని అడిగితే, చిన్న షాపులకి నేను బ్రెవో పెడుతున్నా, 2023 దాకా దాని పేరు సెండిన్‌బ్లూ. ఫ్రీగా రోజుకి 300 మెయిల్స్ ఇస్తుంది. లెక్కేస్కోండి, వూకామర్స్‌లో ఒక ఆర్డర్‌కి ఓనర్‌కి ఒకటి, కొన్నవాళ్ళకి ఆర్డర్ తీస్కున్నాం అని ఒకటి, పంపించాక పూర్తయింది అని ఇంకోటి, మొత్తం మూడు పోతాయ్, అంటే రోజుకి వంద ఆర్డర్ల దాకా పైసా ఖర్చు లేదు. అంతకంటే పెద్ద షాపులకి అమెజాన్ ఎస్‌ఈఎస్ మంచిది, వెయ్యి మెయిల్స్‌కి 10 సెంట్లు, ముంబైలోనే దాని సర్వర్ల రీజియన్ ఉంది. కాకపోతే కొత్త అకౌంట్‌ని శాండ్‌బాక్స్‌లో (పరీక్ష దశలో) ఉంచుతారు, 24 గంటల్లో 200 మాత్రమే, అదీ ముందే వెరిఫై చేసిన అడ్రస్‌లకే, బయటికి రావాలంటే మేం ఎవరికి, ఎందుకు పంపుతాం అని వివరంగా రాసి అడగాలి. మన పక్క ఊరు చెన్నై కంపెనీ జోహోకి జెప్టోమెయిల్ అని ఉంది, అది ఆర్డర్లు, ఓటీపీలు లాంటి మెయిల్స్‌కే, ప్రకటనలకి ఒప్పుకోరు, అందుకే దాని పేరు శుభ్రంగా ఉంటది. క్రెడిట్ల లెక్కన కొనాలి, ఒక క్రెడిట్‌కి 10,000 మెయిల్స్. నెలనెలా కట్టే బాధ లేకపోవడం చిన్నవాళ్ళకి బాగుంటది.

జీమెయిల్‌తోనే పంపుతా అంటారా, పంపొచ్చు, మామూలు అకౌంట్‌కి రోజుకి 500 లిమిట్. మామూలు పాస్‌వర్డ్‌తో పనవ్వదు, 2022లోనే గూగుల్ మామూలు అకౌంట్లకి ఆ దారి మూసేసింది. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీస్కుని అదర్ ఎస్‌ఎమ్‌టీపీలో పెట్టాలి, లేదా గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో ప్రాజెక్ట్ తయారుచేసి ఏపీఐ ద్వారా కలపాలి. ఏపీఐ దారిలో వెళ్ళేవాళ్ళు ఇది తప్పకుండా చూస్కోండి: కన్సెంట్ స్క్రీన్ (గూగుల్ మీ అనుమతి అడిగే పేజీ) "టెస్టింగ్" స్టేటస్‌లో వదిలేస్తే ఆ టోకెన్ (పంపడానికి గూగుల్ ఇచ్చిన అనుమతి) 7 రోజులకే చచ్చిపోతది. పెట్టినరోజు టెస్ట్ మెయిల్ వచ్చింది, అంతా బాగుంది అని మనం ఇంటికెళ్ళిపోతాం, సరిగ్గా వారానికి మెయిల్స్ ఆగిపోతాయ్. స్టేటస్‌ని ప్రొడక్షన్‌కి మార్చి, మళ్ళీ కనెక్ట్ చెయ్యాలి. ప్లగిన్ తప్పేం లేదు అందులో, కానీ తిట్లు ప్లగిన్‌కే పడతాయ్.

ఇప్పుడు డీఎన్ఎస్, అంటే మీ డొమైన్ వివరాల రికార్డులు ఉండే చోటు. సగం పని ఇక్కడే ఉంది, ప్లగిన్ ఇది మన తరఫున చెయ్యలేదు, ఏ ప్లగినూ చెయ్యలేదు. ఎస్‌పీఎఫ్ అంటే నా డొమైన్ పేరు మీద ఫలానా సర్వర్లే పంపొచ్చు అని డొమైన్‌లో రాసి పెట్టుకునే టెక్స్ట్ రికార్డు. డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీద పడే సంతకం, దాన్ని సరిచూసే పబ్లిక్ కీ డీఎన్ఎస్‌లో ఉంటది, దారిలో ఎవరైనా మెయిల్‌ని మారిస్తే సంతకం కలవదు. డీమార్క్ అంటే ఈ రెండిట్లో ఒక్కటైనా మన డొమైన్ పేరుతోనే పాస్ అయ్యిందా, అవ్వకపోతే ఏం చెయ్యాలి అని చెప్పేది. ఆ "మన డొమైన్ పేరుతోనే" అన్నదే ముఖ్యం. ఇలాంటి సర్వీసులు చాలావాటిల్లో బౌన్స్ (చేరని మెయిల్) వెనక్కి వెళ్ళే అడ్రస్ వాళ్ళ డొమైన్ మీద ఉంటది, అందుకని ఎస్‌పీఎఫ్ వాళ్ళ పేరుతో పాస్ అవుతది, మన పేరుతో కాదు. అప్పుడు డీమార్క్‌ని నిలబెట్టేది డీకిమ్ ఒక్కటే. కాబట్టి సర్వీస్ డాష్‌బోర్డ్‌లో డొమైన్ వెరిఫై చేసి డీకిమ్ రికార్డు పెట్టకుండా, ఏపీఐ కీ ఒక్కటి తెచ్చి ప్లగిన్‌లో పెట్టి వదిలెయ్యకండి.

రికార్డులు పెట్టేటప్పుడు ఎక్కువమంది దెబ్బతినే చోట్లు రెండు చెప్తా. ఒకటి, డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. హోస్టింగ్ వాళ్ళది ఒకటి ఉంటది, దాని కింద కొత్త సర్వీస్‌ది ఇంకోటి కలిపేస్తారు, రెండు కనిపిస్తే చూసేవాళ్ళు రెండిటినీ తప్పుగానే లెక్కేస్తారు. ఉన్నదాంట్లోనే కొత్తది ఇన్‌క్లూడ్‌గా కలపాలి, అదీ మొత్తం 10 లుకప్‌లు (డీఎన్ఎస్‌లో వెతుకులాటలు) దాటకుండా. రెండోది, డీకిమ్ రికార్డు పేరు అడిగే గడిలో సర్వీస్ ఇచ్చిన పొడుగు పేరు మొత్తం పేస్ట్ చేస్తారు, చివర డొమైన్ పేరుతో సహా, చాలా ప్యానెళ్ళు ఆ డొమైన్‌ని వాటంతట అవే కలుపుతాయ్, దాంతో డొమైన్ పేరు రెండుసార్లు వచ్చి రికార్డు ఎవరికీ దొరకదు. ప్యానెల్‌లో చూస్తే ఉన్నట్టే ఉంటది, సర్వీస్ మాత్రం వెరిఫై కాలేదు అంటూనే ఉంటది. డొమైన్ భాగం తీసేసి ముందు ముక్క మాత్రమే పెట్టండి. డీమార్క్‌ని మొదట "నన్" (ఏ చర్యా వద్దు అనే) పాలసీతో పెట్టి, ఏ సర్వర్ల నుంచి పోతున్నాయో రిపోర్టులు చూస్కుని తర్వాత గట్టి చెయ్యండి, మొదటిరోజే రిజెక్ట్ పెడితే మీ ఆఫీస్ మెయిల్స్ కూడా ఆగిపోయే ప్రమాదం ఉంది.

అక్క సైట్‌లో ఇవన్నీ చేసి, వూకామర్స్‌లో పంపేవాళ్ళ అడ్రస్‌ని షాప్ డొమైన్ మీదకి మార్చి, ప్లగిన్‌లో ఆ అడ్రస్‌నే ఫోర్స్ చేసే ఆప్షన్ ఆన్ చేశా. ఈమెయిల్ టెస్ట్ ట్యాబ్ నుంచి అక్క జీమెయిల్‌కి పంపితే షో ఒరిజినల్‌లో మూడు పాస్‌లు, ఇన్‌బాక్స్‌లో షాప్ పేరుతో కనిపించింది. "ఇదేనా, స్పామ్‌లో పడేది మన పేరుతో ఇన్‌బాక్స్‌లోకే వచ్చిందే" అని అక్క వెంటనే తన ఫోన్లోంచి ఒక అరకిలో గోంగూర ఆర్డర్ పెట్టి చూస్కుంది. సబ్జెక్ట్ తెలుగులో పెట్టాం, "మీ పచ్చళ్ళ ఆర్డర్ అందిందండీ" అని, ఒత్తులు, గుణింతాలు దేనికీ దెబ్బ తగలకుండా వచ్చింది. పాతకాలపు పీహెచ్‌పీ స్క్రిప్టుల్లో తెలుగు సబ్జెక్ట్ అంటే ప్రశ్నార్థకాల వరస వచ్చేది, ఇక్కడ వర్డ్‌ప్రెస్ యూటీఎఫ్ 8లోనే పంపుతది కాబట్టి ఆ భయం లేదు. తెలుగు కస్టమర్లు ఉన్నవాళ్ళు ధైర్యంగా తెలుగులోనే పెట్టుకోండి, తెరిచి చూస్తారు.

ఇప్పుడు లాగ్. ప్లగిన్‌లో "ఈమెయిల్ లాగ్స్" ట్యాబ్ తెరిస్తే సైట్ నుంచి బయల్దేరిన ప్రతి మెయిల్ వరసగా ఉంటది, ఎవరికి, ఏ సబ్జెక్ట్, ఎప్పుడు, వెళ్ళిందా ఫెయిల్ అయ్యిందా. ఏ వరస తెరిచినా లోపల మెయిల్ మొత్తం కనిపిస్తది, కింద సర్వీస్ ఇచ్చిన జవాబు అక్షరం పొల్లుపోకుండా ఉంటది. 535 అని ఉంటే యూజర్‌నేమో పాస్‌వర్డో తప్పు. కనెక్షన్ టైమ్‌అవుట్ అంటే ఎక్కువగా హోస్టింగ్‌లో పోర్ట్ (మెయిల్ బయటికి వెళ్ళే ద్వారం) మూసేసి ఉంటారు. ఊరికే "రావట్లేదు" అనే మాట పట్టుకుని గంటలు గంటలు వెతకడానికీ, ఈ ఒక్క లైన్ చూసి నేరుగా సరైన చోటికి వెళ్ళడానికీ చాలా తేడా ఉంది. ఫెయిల్ అయినవాటి పక్కన రీసెండ్ బటన్ ఉంటది, సమస్య సరిచేశాక అది నొక్కితే అదే మెయిల్ మళ్ళీ పోతది, కస్టమర్‌ని మళ్ళీ ఆర్డర్ పెట్టండి అని అడగక్కర్లేదు. మూడు నాలుగు పేరున్న ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్లు చూస్తే, ఈ లాగ్‌ని ఇంత పూర్తిగా ఫ్రీగా ఇవ్వడమే ఫ్లూయెంట్ గొప్పతనం. డబ్ల్యూపీ మెయిల్ ఎస్‌ఎమ్‌టీపీ ఎక్కువమంది వాడేది, దాని సెటప్ విజార్డ్ అడుగడుగునా చెయ్యి పట్టుకుని నడిపిస్తది, కొత్తవాళ్ళకి అది సులువే, ఎర్రర్లు చూపించే చోటు ఫ్రీలోనూ ఉంది, కానీ మెయిల్ లాగ్, అమెజాన్ ఎస్‌ఈఎస్ కనెక్షన్ కావాలంటే పెయిడ్ ప్లాన్. నెలకి ఇంత అని లెక్క చూస్కునే పచ్చళ్ళ షాప్‌కి అది భారం.

లాగ్ గురించే ఒక జాగ్రత్త కూడా. లాగ్‌లో "సెంట్" అని ఉంటే సర్వీస్ తీస్కుంది అని అర్థం, ఇన్‌బాక్స్‌లో పడింది అని కాదు. కస్టమర్ మెయిల్ ఐడీలో ఒక అక్షరం తప్పు కొట్టి ఉంటే అది తర్వాత బౌన్స్ అవుతది, ఆ సంగతి బ్రెవో డాష్‌బోర్డ్‌లోనో ఎస్‌ఈఎస్‌లోనో తెలుస్తది, ఇక్కడ కాదు. రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మెయిల్ ఎక్కడిదాకా వెళ్ళిందో పూర్తిగా తెలిసిపోతది. ఇంకోటి సెక్యూరిటీ సంగతి, లాగ్‌లో పాస్‌వర్డ్ రీసెట్ లింకులు, కస్టమర్ల అడ్రస్‌లు అన్నీ ఉంటాయ్. 2025లో ఇంకో ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్‌లో లాగ్ ఎవరు చూడొచ్చు అనే తనిఖీ సరిగా లేక, బయటివాళ్ళు అడ్మిన్ రీసెట్ మెయిల్ చదివి సైట్‌నే స్వాధీనం చేస్కోగలిగే లోపం బయటపడింది. కాబట్టి ఏ ప్లగిన్ వాడినా అప్‌డేట్‌లు వెంటవెంటనే చేస్కోండి, పాత లాగ్స్ కొన్ని రోజులకి వాటంతట అవే డిలీట్ అయ్యే సెట్టింగ్ ఇందులో ఉంది, అది తగ్గించి పెట్టుకోండి, డేటాబేస్ కూడా ఉబ్బకుండా ఉంటది. ఏపీఐ కీలని డేటాబేస్‌లో కాకుండా కాన్ఫిగ్ ఫైల్లో పెట్టే ఆప్షన్ కూడా ఇచ్చారు, నేను అన్ని సైట్లకీ అదే చేస్తున్నా.

వైట్‌ఫీల్డ్‌లో కూచిపూడి నేర్పే మేడమ్ సైట్‌లో సమస్య ఇంకో రకం. అక్కడ ఎంక్వైరీ ఫారం, పేరెంట్స్ వాళ్ళ మెయిల్ ఇచ్చి పిల్లల వయసు రాసి పంపుతారు. అంతకుముందు ఎవరో ఆ ఫారంలో పంపినవాళ్ళ అడ్రస్‌గా పేరెంట్ మెయిల్‌నే పెట్టి ఉంచారు, మేడమ్ రిప్లై నొక్కితే నేరుగా వాళ్ళకి పోవాలని. ఉద్దేశం మంచిదే, కానీ మన సర్వర్ ఆ పేరెంట్ జీమెయిల్ పేరుతో మెయిల్ పంపినట్టయింది, మళ్ళీ అదే కథ. కాంటాక్ట్ ఫారం 7 అయితే ఇలా పెడితే ఈ అడ్రస్ మీ సైట్ డొమైన్‌ది కాదు అని తనే హెచ్చరిక చూపిస్తది, చాలామంది దాన్ని పట్టించుకోరు. పంపే అడ్రస్ ఎప్పుడూ మన డొమైన్‌ది, రిప్లై టు లో మాత్రమే ఫారం నింపినవాళ్ళది. ఇంతే మార్పు. మేడమ్ రిప్లై కొడితే సరిగ్గా పేరెంట్‌కే పోతోంది.

అదే సైట్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది సీప్యానెల్ (హోస్టింగ్‌ని నడుపుకునే కంట్రోల్ ప్యానెల్) హోస్టింగ్ ఉన్నవాళ్ళు చదవాలి. మేడమ్ మెయిల్‌బాక్స్‌లు గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉన్నాయ్, సైట్ వేరే చోట. హోస్టింగ్ సర్వర్ ఏమో ఈ డొమైన్ మెయిల్ నా దగ్గరే ఉంది అనుకుని, సైట్ నుంచి మేడమ్ అడ్రస్‌కి పోవాల్సిన ఎంక్వైరీలని బయటికే పంపకుండా తన లోపలే పెట్టుకుంటోంది. బయటి జీమెయిల్‌కి పంపితే వెళ్తుంది, సొంత డొమైన్‌కి పంపితే మాయం. సీప్యానెల్‌లో ఈమెయిల్ రౌటింగ్ అని ఉంటది, దాన్ని లోకల్ నుంచి రిమోట్‌కి మార్చాలి. ప్లగిన్‌తో బయటి సర్వీస్ ద్వారా పంపితే మెయిల్ ఎలాగూ సర్వర్ లోపల ఆగదు కాబట్టి అది మార్చకపోయినా పని అయిపోతది, కానీ మార్చి పెట్టుకోవడమే మంచిది, రేపు ఆ సర్వర్లో ఇంకేదైనా స్క్రిప్ట్ మెయిల్ పంపొచ్చు.

సొంతంగా క్లౌడ్ సర్వర్ తీస్కున్న కుర్రాళ్ళకి ఒక మాట. చాలా క్లౌడ్ కంపెనీలు 25 పోర్ట్‌ని మామూలుగానే మూసి ఉంచుతాయ్, స్పామ్ ఆపడానికి, కొన్నిచోట్ల 465, 587 కూడా. అలాంటప్పుడు ఎస్‌ఎమ్‌టీపీ వివరాలు ఎన్నిసార్లు సరిచూసినా ఉపయోగం లేదు. ప్లగిన్‌లో అదే సర్వీస్‌ని ఏపీఐ ద్వారా కలపండి, అది మామూలు వెబ్ ట్రాఫిక్ వెళ్ళే 443 మీదే పోతది, ఎవరూ ఆపరు. బీటీఎంలో పీజీ నడిపే అన్న సైట్‌కి ఇదే చేశాం, రూమ్ బుకింగ్ మెయిల్స్ ఆ పూటే మొదలయ్యాయ్. ఏపీఐ దొరికే చోట ఏపీఐనే వాడండి, ఎస్‌ఎమ్‌టీపీ కంటే వేగం కూడా, ఫారం నొక్కాక చక్రం తిరుగుతూ ఉండటం తగ్గుతది.

నచ్చని విషయాలు ఉన్నాయా అంటే, సెటప్ స్క్రీన్ అంతా ఇంగ్లిషే, డీఎన్ఎస్ సంగతి గురించి ఇంకొంచెం గట్టిగా చెప్తే బాగుండు అనిపిస్తది, ఎందుకంటే మామూలు ఓనర్ ఏపీఐ కీ పెట్టి టెస్ట్ మెయిల్ రాగానే అంతా అయిపోయింది అనుకుంటాడు. పండగ ఆఫర్లు వేలమందికి పంపడానికి దీన్ని వాడకండి, ప్లగిన్ పంపనివ్వచ్చు గానీ ప్రకటనల మెయిల్స్‌కి అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కావాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు అని గూగుల్ రూల్, ఆ ఫిర్యాదుల దెబ్బ మీ ఆర్డర్ మెయిల్స్‌కీ తగుల్తది. ఆఫర్లకి వేరే సబ్‌డొమైన్, వేరే టూల్ పెట్టుకోండి. దీన్ని చేసింది బంగ్లాదేశ్ సిల్హెట్‌లో ఉన్న డబ్ల్యూపీ మేనేజ్ నింజా వాళ్ళు, ఫ్లూయెంట్ ఫారమ్స్, ఫ్లూయెంట్ సీఆర్ఎమ్ వాళ్ళవే, డబ్బులు వాటి మీద సంపాదిస్తారు కాబట్టి దీన్ని ఫ్రీగా ఇవ్వగలుగుతున్నారు అని నా అభిప్రాయం.

చివరగా ఫాల్‌బ్యాక్ కనెక్షన్. ఒక సర్వీస్ ఆగిపోతే మెయిల్ ఇంకో సర్వీస్ ద్వారా పోయేలా రెండోది పెట్టుకోవచ్చు, ఫెయిల్ అయితే టెలిగ్రామ్‌కి గానీ స్లాక్‌కి గానీ అలర్ట్ కూడా వస్తది. ఫాల్‌బ్యాక్‌గా పెట్టే సర్వీస్‌కి కూడా డీకిమ్ రికార్డు డొమైన్‌లో ముందే ఉండాలి సుమా, లేకపోతే అవసరం పడ్డ రోజే ఆ మెయిల్స్ స్పామ్‌కి పోతాయ్. అక్క సైట్‌కి బ్రెవో మెయిన్, జెప్టోమెయిల్ ఫాల్‌బ్యాక్, రెండిటికీ రికార్డులు పెట్టాం, అలర్ట్ ఏమో అక్క వాళ్ళబ్బాయి టెలిగ్రామ్‌కి. ఎండాకాలం కొత్తావకాయ ఆర్డర్లు మొదలయ్యే ముందు రోజుకి 300 సరిపోతాయో లేదో ఒకసారి లాగ్‌లో లెక్క చూస్కోమని వాళ్ళబ్బాయికి చెప్పా, దాటేలా ఉంటే ఎస్‌ఈఎస్‌కి మారుస్తాం, దానికి శాండ్‌బాక్స్ నుంచి బయటికి తెమ్మని అప్లికేషన్ ముందుగానే పెట్టుకోవాలి.